పాత లాప్‌టాప్‌ను తూకానికి వేయకండి



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత లాప్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కదు. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే. కొత్తది కొనాలంటే అమ్మానాన్నల నెలల కూలి కావాలి. ఎద్దు లాగలేకపోతే ముందు బండిలో బరువు దించి చూస్తాం గాని, ఎద్దును సంతకు తోలం కదా!

ఆ బరువు దించేది లినక్స్. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. దీన్ని ఉచితంగా వాడవచ్చు, పంచవచ్చు. 2 జీబీ ర్యామ్ ఉంటే యాంటిఎక్స్, 4 జీబీ ఉన్న 64 బిట్ యంత్రమైతే లుబుంటు సరిపోతాయి.

చేసే విధానం:

1. ముందుగా మీ ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోండి.

2. ఐఎస్ఓ ఫైలును డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులోని పాతవన్నీ చెరిగిపోతాయి.

3. లాప్‌టాప్ ఆన్ చేయగానే బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

4. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, సౌండ్, తెలుగు అక్షరాలు సరిగా ఉంటేనే ఇన్‌స్టాల్ చేయండి.

ర్యామ్ మాత్రం పెరగదు; బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మళ్లీ నత్తనడకే. లిబ్రేఆఫీస్‌లో ప్రాజెక్టు రిపోర్టుకు, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, ప్రోగ్రామింగ్ నేర్వడానికి ఇది చాలు. ఒక్క పెన్‌డ్రైవ్ హాస్టలంతటికీ సరిపోతుంది. ఒకరు నేర్చుకొని పదిమందికి నేర్పండి.