కుందేలు మేతకు వంకలు పెడుతోందా? ముందు పళ్లు చూడండి

పొద్దున దాణా వేయగానే గబగబా గిన్నె దగ్గరకు వస్తుంది. వాసన చూస్తుంది. ఒక గింజ నోట్లో పెట్టుకుని మళ్లీ కింద వదిలేస్తుంది. లూసర్న్ వేస్తే లేత ఆకులు నాలుగు తిని కాడలు ముట్టదు. 'దీనికి తిండి ఎక్కువై పొగరు పట్టింది, ఒక రోజు పస్తుంచితే అదే దారికొస్తుంది' అని కుందేళ్లు పెంచే రైతులు కొందరు అంటుంటారు. ఆ పని మాత్రం చేయకండి. కుందేలు కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఒక పగలూ రాత్రీ మేత లోపలికి పోకపోతే పేగుల కదలిక మందగించి, కడుపు ఉబ్బి చనిపోయే ప్రమాదముంది.

మేత తగ్గిందంటే మొదట సులువైన కారణాలు చూడాలి. నీళ్ల నిపుల్ మూసుకుపోయిందేమో వేలితో నొక్కి చూడండి. నీళ్లు అందని కుందేలు దాణా మానేస్తుంది. ఎండాకాలం షెడ్డులో వేడి 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యంగా ఉన్నదైనా తిండి తగ్గిస్తుంది. దాణా బూజు వాసన వస్తోందా? చూలు కుందేలైతే ఈనే రోజు దగ్గర పడిందా? (చూలు కాలం సుమారు 31 రోజులు). ఇవేవీ కాకుండా, ఆకలితో గిన్నె దగ్గరకు వచ్చి కూడా తినలేకపోతోందంటే అనుమానం పళ్ల మీదకు పోవాలి.

పళ్లు పెరుగుతూనే ఉంటాయి

కుందేలుకు మొత్తం 28 పళ్లు. పైన ముందు రెండు పెద్ద పళ్లు, వాటి వెనకాల దాక్కున్నట్టు రెండు చిన్నవి, కింద రెండు. మిగిలిన 22 దవడ పళ్లు. మన పశువుల పళ్లలా ఇవి ఒక ఎత్తుకు వచ్చి ఆగిపోవు. బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల వరకు పెరుగుతాయి. పైవీ కిందివీ ఒకదానికొకటి రాసుకుని, పెరిగినంతా అరిగిపోతుంటే ఏ బాధా లేదు. పట్నంలో పిల్లలు సరదాకి పెంచుకునే గినీ పిగ్‌లదీ ఇదే తంతు. వాటికి 20 పళ్లు, అన్నీ పెరిగేవే. పైగా వాటి మేతలో 'సి' విటమిన్ తప్పనిసరి, కుందేలుకు ఆ అవసరం లేదు.

అరుగుదల ఎక్కడ ఆగుతుందంటే, ఎక్కువగా మన దాణా గిన్నెలోనే. గడ్డిపోచ తినేటప్పుడు కుందేలు దవడను పక్కలకు తిప్పుతూ తిరగలిలా చాలాసేపు నూరుతుంది. దవడ పళ్లు అరిగేది అప్పుడే. మొక్కజొన్న నూక, తవుడు, చెక్క కలిపి పెడితే నాలుగుసార్లు కొరికి మింగేస్తుంది. పని తక్కువ, కడుపు నిండుతుంది. దానికి తోడు కలగలుపు దాణాలో మొక్కజొన్న ఏరుకుని తిని మిగతాది కాలితో తోసేస్తుంది. గింజల్లోనూ తవుడులోనూ సున్నం తక్కువ, భాస్వరం ఎక్కువ. అదే తిండి నెలల తరబడి సాగితే ఎముకకూ పంటికీ కావలసిన సున్నం అందదు.

అరగని దవడ పళ్ల అంచులు సూదుల్లా తేలతాయి. కిందివి నాలుకను, పైవి బుగ్గను కోస్తాయి. గింజ నోట్లో పెట్టుకుని వదిలేసేది అందుకే. దానికి తినాలనే ఉంది పాపం, నోరు మంట.

ఈ గుర్తులు కనబడితే తాత్సారం వద్దు: గడ్డం కింద, ముందు కాళ్ల లోపలి వైపు వెంట్రుకలు చొంగతో తడిసి అట్టకట్టడం, ఒక కంటి నుంచి నీరు కారడం, పెంటికలు చిన్నవై తగ్గిపోవడం, తోక కింద మెత్తటి పెంటికలు అంటుకుని ఉండటం. ఈ చివరిది చాలామంది పారుడు అనుకుంటారు. కుందేలు తన మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తినడం సహజం. నోరు నొప్పి ఉన్నప్పుడు ఆ పని చేయలేదు, అంతే.

పుట్టుకతో వచ్చే వంకర

తిండి వల్ల వచ్చే దోషం ఒక ఎత్తు, రక్తంలో వచ్చేది ఒక ఎత్తు. మా వైపు ఒక రైతు పది ఆడ కుందేళ్లు, రెండు పోతులు కొని షెడ్డు వేశాడు. పోతులు రెండూ ఒకే ఈతవని తర్వాత తెలిసింది. రెండో నెల వచ్చేసరికి కొన్ని పిల్లలకు కింది పళ్లు అడవి పంది కోరల్లా బయటికి వచ్చాయి, పైవి లోపలికి వంగి అంగిలిని గుచ్చుతున్నాయి. ఈయన గోళ్లు తీసే కట్టర్‌తో కత్తిరించాడు. పన్ను నిలువునా చీలింది. నెల తిరక్కముందే ఒకదానికి దవడ కింద గడ్డ లేచింది, లోపల చీము గడ్డపెరుగులా ఉంది. చూడటానికి వెళ్లినప్పుడు ఆయన నన్నడిగింది ఒక్కటే: 'కొనేటప్పుడు నోరు తెరిచి చూడాలని ఎవరైనా చెప్పారా?' చెప్పలేదు. ఎడ్ల సంతలో పళ్లు చూడకుండా జత కొనం కదా, కుందేలు దగ్గర మాత్రం తెల్లటి బొచ్చు చూసి డబ్బిచ్చేస్తున్నాం.

చూడటం కష్టమేమీ కాదు. చెవులు పట్టి ఎత్తకండి. ఒకరు తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుంటే, రెండోవారు పై పెదవిని పక్కలకు విడదీయాలి. పై పళ్లు కింది పళ్లకు కాస్త ముందుగా వాలి ఉండాలి. అంచుకు అంచు తగిలినా, కిందివి ముందుకు వచ్చినా కొనవద్దు. తర్వాత కింది దవడ అంచు వెంట వేళ్లతో తడమండి, బుడిపెలు తగలకూడదు. పుట్టుకతో వచ్చే దోషం సాధారణంగా మూడు వారాలు దాటాక బయటపడుతుంది కాబట్టి, పిల్లలను పాలు మాన్పించేటప్పుడు ఒకసారి, పది వారాలకు ఇంకోసారి చూడాలి. దోషం ఉన్నవాటిని సంతానానికి వాడకండి. ఒకే జత పిల్లల్లో మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ తల్లినీ పోతునూ కూడా తప్పించాలి. మంచి బరువున్న పోతును వదులుకోవడానికి మనసొప్పదు, నిజమే. కానీ అది ఇచ్చే ప్రతి ఈతలోనూ ఆ నష్టం ఉంటుంది. బోను తీగలు కొరికి లాగడం వల్ల, కిందపడి దెబ్బ తగలడం వల్ల కూడా పళ్లు పక్కకు పోతాయి. అలాంటిదాన్ని వంశ దోషంగా లెక్కపెట్టనక్కర్లేదు.

పన్ను కత్తిరించే పని ఇంట్లో పెట్టుకోవద్దు. పశువైద్యులు తిరిగే చిన్న యంత్రంతో అరగదీస్తారు, అప్పుడు పన్ను చీలదు. మండలంలో ఆ వసతి లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల పశువైద్య కళాశాలల్లో అడగవచ్చు. అయితే వంకర పన్ను కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. మాంసానికి పెంచేదాని మీద ఆ ఖర్చు గిట్టుతుందా అని ముందే లెక్క చూసుకోండి. మందులు వాడినదైతే డాక్టరు చెప్పిన గడువు దాటాకే కోతకు పంపాలి.

ఇంకో మాట. ఇంట్లో మిగిలిన యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ గొట్టాలు విప్పి కుందేలు నోట్లో పోయకండి. మనకు పనిచేసే ఆ మందు కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపేసి, ప్రాణం మీదకు తెస్తుంది. డాక్టరు దగ్గరకు చేరేలోపు గుళికల దాణా నీళ్లలో నానబెట్టి జావలా చేసి, సూది తీసేసిన సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టండి. కడుపు డోలులా బిగుసుకుని ఉంటే అదీ పోయవద్దు, వెంటనే తీసుకెళ్లండి.

ఇక మేత. ఎదిగిన కుందేలుకు దాణా రోజుకు 100 గ్రాములు చాలు, పాలిచ్చే తల్లికి ఎక్కువ కావాలి. కలగలుపు దాణా బదులు గుళికలు వాడితే ఏరుకునే వీలుండదు. మిగతా కడుపు గడ్డితో నిండాలి. గరిక, పారాగడ్డి, నీడన ఆరబెట్టిన ఎండుగడ్డి ఏదైనా సరే, రాత్రంతా బోనులో అందుబాటులో ఉంచండి. గట్టు మీది గరికకు ఖర్చేముంది, కోసుకొచ్చే ఓపిక తప్ప. పురుగుమందు కొట్టిన చేను గట్టుది మాత్రం వద్దు. చెక్క ముక్క వేశాం కదా అని ఊరుకోకండి, దాన్ని కొరికితే ముందు పళ్లకు పని దొరుకుతుంది గానీ దవడ పళ్లు అరగవు. దాణా నుంచి గడ్డికి ఒక్కసారిగా మార్చకుండా వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. వారానికోసారి అదే రోజు తూకం వేసి బోను మీద సుద్దతో రాసి ఉంచండి. చొంగ కారకముందే తూకంలో తేడా తెలుస్తుంది.