బహురూపి శంభు మిత్ర

నాటకం సమష్టి కళ. రచయిత, నటుడు, దర్శకుడు, రంగాలంకరణ చేసేవారు, దీపాలు వెలిగించేవారు – వీరిలో ఏ ఒక్కరు లోపించినా నాటకం రక్తి కట్టదు. ఈ సత్యాన్ని జీవితాంతం ఆచరించి చూపిన వంగదేశపు నటుడు, దర్శకుడు శంభు మిత్ర.

ఆయన 1915 ఆగస్టు 22న కలకత్తాలో జన్మించారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేరినా ఆయన మనసు నాటకం మీదనే లగ్నమైంది. 1939లో ‘రంగమహల్’ అనే వృత్తి నాటకశాలలో నటునిగా ప్రవేశించారు. ఆనాటి నాటకశాలలు ప్రసిద్ధ నటుల పేరు మీదనే నడిచేవి. ఈ పద్ధతి యువకుడైన మిత్రకు తృప్తినివ్వలేదు.

1943లో బెంగాల్‌ను ఘోరమైన కరవు పీడించింది. సుమారు 30 లక్షల మంది మరణించారని అంచనా. పల్లెలు విడిచి వచ్చిన రైతులు గంజి కోసం కలకత్తా వీధులలో అలమటించారు. ఆ సంవత్సరమే ఏర్పడిన భారత ప్రజానాట్య సంఘంలో మిత్ర చేరారు. ఆంధ్రదేశంలోని ప్రజానాట్యమండలి కూడ ఈ ఉద్యమానికి చెందినదే. బిజన్ భట్టాచార్య ఆ కరవును వస్తువుగా గ్రహించి ‘నవాన్న’ నాటకం రాశారు. 1944లో మిత్ర, భట్టాచార్య కలిసి దానికి దర్శకత్వం వహించారు. చిత్రించిన తెరలకు బదులు గోనెపట్టలు వేలాడదీశారు. నాటకశాల వెలుపల కనిపించే ఆకలినే ప్రేక్షకులు రంగస్థలం మీద చూసి చలించిపోయారు.

కళ ప్రజల బాధను చెప్పాలి. అయితే అది రాజకీయ ప్రచారానికి లోబడరాదని మిత్ర విశ్వసించారు. అందుచేత ఆ సంఘం నుండి వైదొలగి, 1948లో కొందరు మిత్రులతో కలిసి సొంత నాటక సమాజాన్ని స్థాపించారు. అదే ‘బహురూపి’. లాభాపేక్ష లేని ఈ సమాజంలో క్రమశిక్షణ అందరికీ సమానమే.

రవీంద్రనాథ్ ఠాగూర్ నాటకాలు చదువుకోవడానికే గాని ప్రదర్శనకు పనికిరావని అప్పట్లో పలువురి అభిప్రాయం. 1954లో ‘రక్తకరవి’ని ప్రదర్శించి మిత్ర ఆ అభిప్రాయాన్ని పటాపంచలు చేశారు. రక్తకరవి అంటే ఎర్రగన్నేరు. బంగారు గనులలో కూలీలను పేర్లతో గాక అంకెలతో పిలిచే రాజ్యం అందులోని కథాస్థలం. వల చాటున దాగిన రాజుగా మిత్ర, అతణ్ణి మేల్కొలిపే నందినిగా ఆయన భార్య తృప్తి మిత్ర నటించారు. ఖాలేద్ చౌధురి రంగాలంకరణ, తాపస్ సేన్ దీపకాంతులు నాటకానికి ప్రాణం పోశాయి.

ఇబ్సెన్ నాటకాలను ‘దశచక్ర’ (1952), ‘పుతుల్ ఖేలా’ (1958) పేర్లతోను, సోఫోక్లీస్ విషాదాంత నాటకాన్ని ‘రాజా ఈడిపస్’ (1964) పేరుతోను ఆయన ప్రదర్శించారు. ‘దశచక్ర’లో ఊరి నీరు కలుషితమైందని చెప్పిన వైద్యుణ్ణి ఊరంతా శత్రువుగా చూస్తుంది. మెజారిటీ మాట ఎల్లప్పుడూ సత్యం కాదని ఆ నాటకం హెచ్చరిస్తుంది. అమిత్ మైత్రతో కలిసి మిత్ర దర్శకత్వం వహించిన ‘జాగ్తే రహో’ (1956) చిత్రం కార్లోవీ వారీ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందింది.

కలకత్తాలోని నాటక సమాజాలకు ఉమ్మడిగా ఒక రంగశాల నిర్మించాలని ఆయన ఎంతో శ్రమించారు. ఆ కల మాత్రం నెరవేరలేదు. 1970లో పద్మభూషణ్, 1976లో రామన్ మెగసెసే పురస్కారం ఆయనను వరించాయి.

1997 మే 19న మిత్ర కన్నుమూశారు. తన అంత్యక్రియలు ఆర్భాటం లేకుండా నిశ్శబ్దంగా జరపాలని ఆయన ముందుగానే రాసి ఉంచారు. దహనం ముగిసిన తరువాతనే నగరానికి ఆ వార్త తెలిసింది. నటి, దర్శకురాలు అయిన ఆయన కుమార్తె శావలీ మిత్ర 2022లో మరణించినప్పుడు అదే మార్గాన్ని అనుసరించారు. రంగస్థలం మీద వేలాది కళ్ళను తనవైపు తిప్పుకొన్న నటుడు, తెర దిగిన తరువాత చప్పట్లను ఆశించలేదు. వ్యక్తి కన్న కళ గొప్పదని చాటిన జీవితం ఆయనది.