పాత అలవాటు పునరావిర్భావం - పత్తిలో పిచికారీ అనుభవం

మందు కొట్టిన తరువాత చీడ మునుపటికంటె ఉద్ధృతం కావడం మన కీటక శాస్త్రజ్ఞులకు తెలిసినదే. మానివేసిన అలవాటు కూడా ఆ విధంగానే తిరిగి తలెత్తుతుంది. ప్రవర్తనా శాస్త్రంలో దీనిని పునరావిర్భావం అనవచ్చు. విస్తరణ రంగంలో మనం దీనిని తరచుగా రైతు మొండితనంగా పొరబడుతున్నాము.

1983లో రాబర్ట్ ఎప్‌స్టీన్ ప్రచురించిన ప్రయోగంలో, బిళ్ళను ముక్కుతో పొడిచిన పావురాలకు మొదట మేత లభించింది. మేత ఆపగా పొడవడం తగ్గింది. పిదప వేరొక చర్యకు మేత ఇచ్చి, దానికీ ఆపివేశారు. అప్పుడు పావురాలు మళ్ళీ బిళ్ళను పొడవసాగాయి. పాత చర్య చెరిగిపోలేదు, అణగి ఉన్నది. దానికి గతంలో లభించిన పునర్బలనం, అంటే ప్రతిఫలం, ఎంత ఎక్కువైతే అది తిరిగి వచ్చే అవకాశం అంత హెచ్చని తరువాతి పరిశోధనలు సూచించాయి.

రైతును పావురంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ప్రతిఫలం పనిచేసే తీరు మాత్రం ఒక్కటే. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చిన కొత్తలో, కొట్టిన వెంటనే పురుగు చచ్చి రాలేది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందులను తట్టుకున్న శనగపచ్చ పురుగు పత్తిని తీవ్రంగా దెబ్బతీసినా పిచికారీ ఆగలేదు. ఒకసారి పనిచేసి మరొకసారి చేయని మందు అలవాటును మరింత గట్టిపరుస్తుంది. పైగా, పురుగు లేనప్పుడు కొట్టిన మందుకు కూడా 'పురుగు రాలేదు' అనే ఫలం దక్కుతుంది. కొట్టకపోయినా వచ్చేది కాదని తెలుసుకొనే మార్గం రైతుకు లేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగులపై పిచికారీలు తగ్గాయి. మనం దానిని ప్రవర్తనలో మార్పు అనుకున్నాము. నిజానికి పని చేసినది విత్తనం. గులాబీ రంగు పురుగు రెండు జన్యువుల బీటీని కూడా తట్టుకొన్నాక పాత పిచికారీ మరలివచ్చింది. కాయలో దాగిన పురుగుకు మందు తగలదన్న మాట అప్పుడు ఎవరి చెవికి ఎక్కుతుంది?

లింగాకర్షక బుట్టలను ఉచితంగా ఇచ్చి, ప్రదర్శన ముగియగానే ఆపివేయడమంటే ఆ ప్రయోగపు చివరి దశను మనమే పొలంలో జరపడం. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితేనే మందు కొట్టిన రైతుకు, మిగిలిన ఖర్చును లెక్కకట్టి చూపాలి. కొన్ని సాళ్ళను మందు లేకుండా వదిలి, పక్క సాళ్ళతో పోల్చి చూపడం ఇంకా మేలు. సహాయాన్ని అంచెలంచెలుగా తగ్గించాలి. ఆ తగ్గింపులోనే ఒకటి రెండు అనవసరపు పిచికారీలు కనిపించవచ్చు. అంతమాత్రాన ప్రదర్శన విఫలమైందని నివేదికలో రాయనక్కరలేదు. పురుగు ఉద్ధృతి హెచ్చిన ఏడాది ఆ రైతు ఏమి చేశాడో మాత్రం తప్పక నమోదు చేయాలి.