గొట్టంలో సుడులు: ఇంధనాన్ని మోసే ఇంధనం

వర్జీనియాలోనో న్యూజెర్సీలోనో నివసించే తెలుగు కుటుంబం తమ కారులో పోయించుకొనే పెట్రోలు అనేక పర్యాయాలు టెక్సాస్, లూసియానా తీరాలలోని శుద్ధి కర్మాగారాలలో పుట్టినదే. హ్యూస్టన్ వద్ద బయలుదేరిన సరుకు కలోనియల్ పైపులైను గుండా న్యూయార్క్ రేవు పరిసరాలకు చేరడానికి సగటున 18 రోజులు పడుతుంది. అంటే మనిషి చురుకుగా నడిచే వేగమే. 2021 మే నెలలో కంప్యూటర్లపై జరిగిన దాడి కారణంగా ఈ పైపులైను కొద్ది రోజులు ఆగిపోగా, ఆగ్నేయ రాష్ట్రాలలో ఎన్నో పెట్రోలు బంకులు ఖాళీ అయ్యాయి. నేలలో కనబడకుండా సాగే ఈ ప్రయాణాన్ని అంతవరకు తలచుకొన్నవారు తక్కువ.

ఈ ప్రవాహాన్ని నెట్టే పంపులు రేయింబవళ్ళు విద్యుత్తును వాడుకొంటూనే ఉంటాయి. ఆ శక్తి ఎక్కడికి పోతున్నది? కొండ ఎక్కించడానికి పెట్టిన శక్తిలో చాలా భాగం దిగేటప్పుడు తిరిగి దక్కుతుంది. పైగా హ్యూస్టన్, న్యూజెర్సీ రెండూ సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నవే. కనుక పంపులు ద్రవానికి అందించిన శక్తి దాదాపు యావత్తూ చివరకు ఘర్షణవలన వేడిగా మారి భూమిలో కలసిపోతున్నదని గ్రహించాలి.

ఈ ఘర్షణ స్వభావాన్ని 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలో చూపించాడు. నీరు మెల్లగా పారేటప్పుడు అందులోకి వదలిన రంగుధార దారంలాగా తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే ఆ దారం చెదరి గొట్టమంతా రంగు కమ్ముకొన్నది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండవది సంక్షుబ్ధ ప్రవాహం. పెట్రోలు, డీజిలు పైపులైన్లలో ఉండేది రెండవదే. కవ్వంతో మజ్జిగ చిలికేవారి శ్రమ సుడులలోకి పోయినట్లే, పంపు శ్రమలో పెద్ద వాటా ఈ సుడులలోకి పోతుంది.

సంక్షుబ్ధ ప్రవాహంలో వేగం రెట్టింపైతే పీడన నష్టం రెట్టింపుతో ఆగదు, మూడు రెట్లు దాటుతుంది. రోజంతా నిలకడగా పంపగలిగిన సరుకును 12 గంటలు రెట్టింపు వేగంతో తోసి, తక్కిన 12 గంటలు పంపు ఆపితే, చేరిన సరుకు అంతే, ఘర్షణకు చెల్లించిన శక్తి మాత్రం మూడింతలకు పైమాట. వేగాన్ని పదోవంతు తగ్గిస్తే ఒక్కొక్క పీపాకు అయ్యే శక్తి సుమారు ఆరోవంతు తగ్గుతుంది. అదే ప్రవాహానికి గొట్టం వ్యాసాన్ని పదోవంతు పెంచితే నష్టం మూడోవంతుకు పైగా తగ్గుతుంది. అయితే గొట్టాన్ని ఒకసారి పూడ్చిన తరువాత వ్యాసం మార్చేదెవరు?

పంపు ఇచ్చే పీడనం అవసరానికి మించినప్పుడు దానిని కవాటంతో అణచడం పాత అలవాటు. ఆక్సిలరేటరును నొక్కిపట్టి బ్రేకు వేయడం వంటిదే ఇది. దీనికి బదులు మోటారుకు అందే విద్యుత్తు పౌనఃపున్యాన్ని మార్చి, పంపునే నెమ్మదిగా తిప్పే సాధనాలు నేడు వాడుకలో ఉన్నాయి. వీటిలో వింతేమీ లేదు కాని, ఆదాచేయడంలో ఇవే ముందు నిలుస్తాయి.

వింత మాత్రం రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. బ్రిటన్‌కు చెందిన టామ్స్ అనే శాస్త్రవేత్త గొట్టాలలో పారేటప్పుడు పాలిమర్ గొలుసులు ఎలా తెగుతాయో పరిశీలిస్తున్నాడు. క్లోరోబెంజీన్‌లో పాలీమిథైల్ మెథాక్రిలేట్‌ను రవంత కరిగించి పారించగా, అదే పీడనం వద్ద ఆ ద్రావణం శుద్ధ ద్రావణికన్నా త్వరగా పారింది! ఏదైనా కలిపితే ద్రవం చిక్కబడి మందగించాలి కదా. ఈ ఫలితాన్ని ఆయన 1948లో హాలండులో జరిగిన సదస్సులో ప్రకటించాడు.

దారపు ఉండలా ముడుచుకొని ఉండే ఆ పొడవైన అణువు, గొట్టం గోడ దగ్గర సుడులు పుట్టేచోట సాగి వాటి విజృంభణను అణచివేస్తుంది. స్తరీయ ప్రవాహంలో అణచడానికి సుడులే ఉండవు కనుక అక్కడ దీనివలన ప్రయోజనం లేదు. పెట్రోలియం పైపులైన్లకు వాడేవి ఆల్ఫా ఓలిఫిన్ల నుంచి తయారైన, పదుల లక్షలలో అణుభారం గల పాలిమర్లు. పది లక్షల పాళ్ళ ఇంధనానికి కొద్ది పాళ్ళు చాలు. కర్బనం, హైడ్రోజన్ తప్ప వేరేమీ లేవు కనుక ఇంధనంతోపాటే కాలిపోతాయి. చిక్కేమంటే, గొలుసు ఎంత పొడవైతే అంత బాగా పనిచేస్తుంది, అంత సులువుగానూ తెగుతుంది. పంపు రెక్కల మధ్య నలిగిందంటే దాని పని ముగిసినట్లే. అందుచేత ప్రతి పంపు దాటిన తరువాత మళ్ళీ కలపవలసిందే. విమాన ఇంధనంలో మాత్రం దీనిని కలపనివ్వరు.

ఈ పదార్థానికి పెద్ద పరీక్ష అలాస్కాలో జరిగింది. 800 మైళ్ళ పొడవు, 48 అంగుళాల వ్యాసం గల ముడిచమురు పైపులైను 1977లో పనిచేయడం ప్రారంభించింది. 1979 నుంచి అందులో ఈ పాలిమర్‌ను కలిపి ప్రవాహాన్ని పెంచారు. 1988లో అది రోజుకు 20 లక్షల పీపాలకు పైగా మోసింది. నేడు మోస్తున్నది 5 లక్షలకు లోపు. ఇప్పుడక్కడ చిక్కు తలక్రిందులైంది. నెమ్మదిగా సాగే చమురు చలికి చల్లబడి మైనం పేరుకొంటుంది. ఒకప్పుడు నష్టమనుకొన్న ఘర్షణ వేడినే ఇప్పుడు కోరి తెచ్చుకొంటున్నారు. పంపు కేంద్రాలలో చమురును తిరిగి తిప్పి వెచ్చబరుస్తున్నారు.

శుద్ధి చేసిన సరుకు మోసే గొట్టాలలోనూ సుడులు పూర్తిగా శత్రువులు కావు. ఒకే గొట్టంలో పెట్రోలు వెనుక డీజిలు, దాని వెనుక విమాన ఇంధనం వరుసగా పోతుంటాయి. వాటి నడుమ సాధారణంగా ఏ అడ్డుగోడా ఉండదు. స్తరీయ ప్రవాహంలో గొట్టం నడిమి ద్రవం సగటుకు రెండింతల వేగంతో ముందుకు దూసుకొనిపోయి ఒక సరుకు మరొకదానిలోకి మైళ్ళ దూరం చొచ్చుకొనిపోతుంది. సుడులుంటే సరుకంతా ఇంచుమించు ఒకే వేగంతో కదలి కలగలుపు కొద్దిపాటితో ఆగుతుంది. ఆ కలిసిన భాగాన్ని తరచు మళ్ళీ స్వేదనం చేయవలసి వస్తుంది, దానికీ శక్తి కావాలి. కాబట్టి పొదుపు పేరిట వేగం తగ్గించడానికి ఒక అడుగు హద్దు ఉన్నది. వేగం ఆ హద్దుకు పైనే ఉంచి, గోడ దగ్గరి నష్టాన్ని మాత్రం తగ్గించడమే నేర్పు.

విశాఖపట్నం శుద్ధి కర్మాగారం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు గల 572 కిలోమీటర్ల పైపులైను లెక్క కొంచెం వేరు. సముద్రతీరాన మొదలై 500 మీటర్ల పైచిలుకు ఎత్తుకు పోతుంది కనుక ఎక్కించిన శక్తి తిరిగి రాదు. అయినా ఒక టన్ను డీజిలును అంత ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు చాలు. ఆ టన్ను కాలిస్తే వచ్చే వేడి సుమారు 12 వేల యూనిట్లు! ఎత్తుకన్నా, ఇంత పొడవున గోడల రాపిడికే ఎక్కువ చెల్లించవలసి ఉంటుంది. అదే సరుకు లారీలలో రోడ్డెక్కితే టన్నుకు అయ్యే ఖర్చు దీనికి అనేక రెట్లు.

అయితే చివరి మజిలీకి లారీ తప్పదు. డిపో నుంచి బంకుకు పోయే ట్యాంకరు సరుకు దింపి ఖాళీగా తిరిగి వస్తుందని చూసేవారు అనుకొంటారు. అమెరికాలో చాలాచోట్ల అది నిజంగా ఖాళీ కాదు. నేలలోని తొట్టి నిండుతుంటే బయటికి నెట్టబడే పెట్రోలు ఆవిరిని రెండవ గొట్టం ద్వారా ట్యాంకరు లోపలికి తీసుకొంటారు. డిపోలో ఆ ఆవిరిని ఉత్తేజిత బొగ్గుపైకి పంపుతారు. బొగ్గు దానిని పట్టి ఉంచుతుంది. ఆపైన శూన్యంతో ఆవిరిని లాగి, పారే పెట్రోలులో కరిగించి, మళ్ళీ తొట్టిలోకి చేరుస్తారు.