ఇచ్చే ముందు అడుగుదాం: అభిప్రాయ సేకరణపై దాతలకు ఒక పాఠం

దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 215వ ఆయతులో ఒక ప్రశ్న వస్తుంది. ఏమి ఖర్చు పెట్టాలని విశ్వాసులు దైవప్రవక్తను (స) అడుగుతున్నారు. దానికి వచ్చిన జవాబును వివరిస్తూ పండితులు ఒక సంగతి చెబుతారు. అడిగింది ‘ఏమి’ అని, జవాబులో ఎక్కువ భాగం ‘ఎవరికి’ అన్నదాని గురించి. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు, అనాథలు, నిరుపేదలు, బాటసారులు అందులో వరుసగా వస్తారు. ముప్ఫై ఏళ్లుగా తరగతి గదిలో ప్రశ్నలు అడగడమే పనిగా ఉన్న మాకు ఈ ఆయతు చదివినప్పుడల్లా ఒక ఆలోచన కలుగుతుంది. ఇచ్చే వస్తువు కంటే ముందు తీసుకునే మనిషి మన కళ్లకు కనబడాలి. కనబడాలంటే దగ్గరికి వెళ్లి అడగాలి.

అడగడం తేలికని అందరం అనుకుంటాం. అదీ నేర్చుకోవలసిన విద్యేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ల కిందట కొందరు మిత్రులతో కలిసి మేము ఒక పేటలో పేద కుటుంబాలకు కుట్టు మిషన్లు ఇచ్చాం. చందాలు పోగుచేశాం, మంచి మిషన్లే కొన్నాం, చిన్న సభ పెట్టి పంచాం, ఫొటోలు దిగాం. ఏడాది గడిచాక ఎలా నడుస్తున్నాయో చూద్దామని మళ్లీ ఆ పేటకు వెళ్లాం. ఒక ఇంట్లో మిషను మీద దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. ఆ ఇంటి తల్లి పక్కనే కూర్చుని బీడీలు చుడుతోంది.

“మిషను సరిగా పనిచేయడం లేదా అమ్మా?” అని అడిగాం.

“బాగానే ఉంది మాస్టారూ. కుట్టించుకునేవాళ్లే లేరు. మీరిచ్చినవి కాక ఈ వీధిలో ముందు నుంచే నాలుగు మిషన్లున్నాయి. బజారులో రెడీమేడ్ దొరుకుతుంటే మా దగ్గరికి ఎవరొస్తారు?”

“మరి ఆ రోజే చెప్పలేదేం?”

“మీరు అడగలేదు కదా మాస్టారూ. ఇంటికొచ్చి ఇచ్చేవాళ్లను వద్దంటే బాగుంటుందా?”

మాటల్లో ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఆమె పెద్ద కూతురు పదో తరగతి పాసై ఇంట్లోనే ఉండిపోయింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ పక్క ఊళ్లో ఉంది. రోజూ ఆటోకు డబ్బు పెట్టే స్తోమత లేదు, ఒంటరిగా పంపడానికి తండ్రికి ధైర్యం చాలలేదు. అదే వీధిలో మరో ఇద్దరు ఆడపిల్లలు అదే కారణంతో చదువు మానేశారు. ముగ్గురికీ కలిపి నెలకింత అని ఒక ఆటో మాట్లాడి ఉంటే ముగ్గురూ కాలేజీకి వెళ్లేవారు. మేము మిషన్లకు పెట్టిన డబ్బులో కొంత భాగం అందుకు సరిపోయేది. బడిపంతుళ్లమై ఉండి కూడా ఆ ఇంటి గడప దగ్గర చదువు మాట మేము ఎత్తలేదు. ఆ పిల్లకు పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వడం మా చేతిలో లేదు.

అప్పటి నుంచి, సాయం చేసేవారు ప్రజలను ఎలా అడుగుతారు, ఎక్కడ తప్పుతారు అన్న విషయం శ్రద్ధగా చదవసాగాం. దేశదేశాలకు సాయం చేసే పెద్ద సంస్థలూ ఇదే పాఠం నేర్చుకున్నాయని తెలిసింది. వాటిలో కొన్నింటిని దాతల ముందు ఉంచుతున్నాం.

ప్రపంచమంతటినీ అడిగిన సర్వే

2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి చేసిన మిలీనియం ప్రకటన నుంచి 8 అభివృద్ధి లక్ష్యాలు రూపొందాయి. పేదరికం, ఆకలి, ప్రాథమిక విద్య, శిశు మరణాలు వంటివి అందులో ఉన్నాయి. వాటి గడువు 2015. ఆ లక్ష్యాలను నిపుణులూ అధికారులూ కూర్చుని రాశారు, పేదలను అడగలేదు అన్న విమర్శ చాలాకాలం వినిపించింది. అందుకే తర్వాతి లక్ష్యాలు రాసే ముందు ‘మై వరల్డ్’ పేరుతో ప్రపంచవ్యాప్తంగా ఒక సర్వే జరిపారు. ఇంటర్నెట్‌లో, ఫోన్ సందేశాల ద్వారా, నెట్ అందని చోట కాగితాల మీద 2015 వరకు జవాబులు సేకరించారు. సుమారు 97 లక్షల మంది పాల్గొన్నారు.

ప్రశ్న సులువుగానే ఉంది. 16 అంశాలు ఇచ్చి, మీకూ మీ కుటుంబానికీ ఎక్కువ ముఖ్యమైన 6 ఎంచుకోమన్నారు. మొత్తం లెక్కలో మంచి చదువు మొదటి స్థానంలో నిలిచింది. తర్వాత మెరుగైన వైద్యం, మంచి ఉపాధి అవకాశాలు, నిజాయితీగా పనిచేసే ప్రభుత్వం వచ్చాయి. వాతావరణ మార్పును ఎదుర్కోవడం అన్న అంశం చివరన మిగిలింది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది.

ఉపాధ్యాయులుగా చదువు మొదట నిలిచినందుకు సంతోషించాం. కానీ చివరన ఉన్న అంశం దగ్గర కాస్త ఆగాలి. వాతావరణం గురించి ప్రజలకు పట్టదని దాని అర్థమా? వానలు ముఖం చాటేసి పంట ఎండిన రైతు ఆ కాగితం చూస్తే ‘తిండి’, ‘మంచినీరు’ అన్న చోట గుర్తు పెడతాడు. అతని కష్టానికి కారణం వాతావరణమే అయినా ఆ మాట ఎంచుకోడు. పదహారింటిలో ఆరే ఎంచుకోమంటే పదింటిని వదలక తప్పదు. వదిలినవన్నీ అక్కరలేనివని కాదు. సర్వే ఫలితం చదివేటప్పుడు, ప్రశ్న ఎలా అడిగారో కూడా చదవాలి.

ఎంతమంది అన్నది ఒక్కటే చాలదు

ఆ సర్వేలో ఇష్టమున్నవారు ముందుకొచ్చి జవాబిచ్చారు. నైజీరియా, మెక్సికో వంటి కొన్ని దేశాల నుంచి జవాబులు చాలా ఎక్కువగా వచ్చాయి, యువకులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. కాబట్టి అది 97 లక్షల మంది మాట అవుతుంది గాని, ప్రపంచ జనాభా అంతటి మాట అని ఖాయంగా చెప్పలేం.

ఈ తేడాకు 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక పాత ఉదాహరణ. ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాలలో 46 చోట్ల. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచీ కార్ల యజమానుల జాబితాల నుంచీ. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ లేని పేదల మాట అందులోకి సరిగా రాలేదు. పైగా కార్డు తిప్పి పంపినవారు ఒక రకం, పంపనివారు ఇంకో రకం. అదే ఎన్నికలో జార్జి గాలప్ ఎన్నో రెట్లు తక్కువ మందిని, అన్ని వర్గాల నుంచీ ఎంచి అడిగి, ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు.

మన సంగతి చూద్దాం. జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో నిలబడి పదిమందిని అడిగితే పేట అభిప్రాయం తెలిసినట్టేనా? అక్కడికి ఆడవారు రాలేదు. మంచం పట్టినవారు రాలేదు. పని మీద వేరే ఊళ్లో ఉన్నవారూ, అప్పులవాళ్లకు కనబడలేక తప్పుకు తిరిగేవారూ రాలేదు. సాయం అందరికంటే ఎక్కువ అవసరమైనవారే ఆ పదిమందిలో లేరు.

ఇచ్చేవారి అంచనాలు

తీసుకునేవారి గురించే కాదు, ఇచ్చేవారి గురించి కూడా సర్వేలు జరిగాయి. దేశ బడ్జెట్‌లో విదేశీ సాయానికి ఎంత భాగం పోతోందని అమెరికాలో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ప్రజలను పలుమార్లు అడిగింది. వచ్చిన జవాబుల సగటు 25 శాతం, ఆపైన. అసలు లెక్క 1 శాతం చుట్టుపక్కల మాత్రమే. ఆ నిజం చెప్పి మళ్లీ అడిగితే, సాయం మరీ ఎక్కువైపోతోంది అనేవారి సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అంటే వారికి లోపించినది దయ కాదు, సరైన లెక్క.

మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. ముస్లిం పిల్లలు చాలావరకు మదర్సాలలోనే చదువుతారని ఎంతోమంది గట్టిగా నమ్మేవారు. జస్టిస్ సచార్ కమిటీ 2006 నివేదికలో లెక్కలు చూపింది. బడి వయసు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమే. ఆ కమిటీ గణాంకాలతో సరిపెట్టలేదు, రాష్ట్రాలు తిరిగి ప్రజల మాటలు విని వాటికి నివేదికలో ఒక అధ్యాయం కేటాయించింది. ఆడపిల్లలకు ప్రాథమిక స్థాయి దాటాక దగ్గరలో బడి లేకపోవడం, హాస్టళ్లు చాలకపోవడం వంటి ఫిర్యాదులు అందులో కనబడతాయి. ఆ అధ్యాయం చదువుతుంటే ఆ బీడీల తల్లి కూతురే మాకు గుర్తొచ్చింది.

తీసుకునేవారు ఏమన్నారు

2000లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన పేదల గొంతుకల అధ్యయనంలో 60 దేశాలకు చెందిన 60 వేల మందికి పైగా పేదల మాటలున్నాయి. ఆకలి, జబ్బు, అప్పులతో పాటు వారు అవమానం గురించి పదేపదే చెప్పారు. ఆఫీసుల్లో ఈసడింపు, తమ మాట ఎవరూ వినకపోవడం కూడా వారి దృష్టిలో పేదరికంలో భాగమే.

2012లో వెలువడిన ‘టైమ్ టు లిజన్’ అనే మరో అధ్యయనం కోసం, విదేశీ సాయం అందుకున్న సుమారు 6 వేల మందితో మాట్లాడారు. వారు సాయాన్ని కాదనలేదు, కృతజ్ఞత చెప్పారు. అయితే నిర్ణయాలు ముందే అయిపోతున్నాయని, తమను అడిగి తమతో కలిసి చేస్తే బాగుంటుందని అన్నారు.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత మన పొరుగున తమిళనాడు తీరంలో, దేశం నలుమూలల నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండటం అందరం చూశాం. పంపినవారి మనసు మంచిదే. వలలూ పడవలూ పోయిన జాలరి కుటుంబాలకు వేరొకరు విడిచిన బట్టలు మాత్రం అక్కరకు రాలేదు, పైగా చిన్నతనంగా అనిపించాయి.

మన పేటలో ఎలా అడగాలి

జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. దాన్ని ఏ సర్వే మార్చదు, మార్చకూడదు. ఆ వర్గాలలోని మనిషికి ఏ రూపంలో ఇస్తే మేలు అన్నదే మనం అడగవలసింది. జకాత్ సొమ్ము ఏ రూపంలో ఇవ్వవచ్చో ఉలమాలను సంప్రదించాలి. సదఖాలో వెసులుబాటు ఎక్కువ.

రమజాన్‌కు రెండు నెలల ముందే ఇల్లిల్లూ తిరిగితే మంచిది. పంపిణీ రోజున అడిగితే ఎవరూ మనసులో మాట చెప్పరు. ఆడవారిని అడగడానికి ఆడవారే వెళ్లాలి. మన ఇళ్లలో కొందరు ఉర్దూ మాట్లాడతారు, దూదేకుల కుటుంబాలు తెలుగే మాట్లాడతాయి. ఎవరి భాషలో వారిని అడగాలి. తోపుడు బండి, ఆటో, పంక్చర్ షాపు మీద బతికేవారు పగలు ఇంట్లో ఉండరు కాబట్టి ఇషా తర్వాత మరోసారి వెళ్లాలి. ఇచ్చిన దాత గాని, సంఘం పెద్ద గాని అడిగేవారి వెంట ఉండకూడదు. ఎదురుగా దాత ఉంటే వచ్చే జవాబు “అంతా బాగుంది” ఒక్కటే.

ఐదు ప్రశ్నలు చాలు:

1. పోయిన ఆరు నెలల్లో మీ ఇంట్లో డబ్బు లేక ఆగిపోయిన పని ఏది?

2. బడి లేదా కాలేజీ మానేసిన పిల్లలున్నారా? ఎందుకు మానేశారు?

3. మందులకు నెలకు ఎంత ఖర్చవుతోంది? అప్పు చేస్తున్నారా?

4. ఇంతకు ముందు అందిన సాయంలో ఏది ఉపయోగపడింది, ఏది పడలేదు?

5. మేము తప్పక వెళ్లి చూడవలసిన ఇల్లు ఇంకేదైనా ఉందా?

మొదటి ప్రశ్నను గమనించండి. “మీకు ఏం కావాలి?” అని అడిగితే, మన దగ్గర ఏముందని వారు ఊహిస్తారో అదే చెబుతారు. ఆగిపోయిన పని ఏమిటని అడిగితే జరిగింది చెబుతారు. అయిదో ప్రశ్న, నోరు తెరిచి అడగని ఇళ్లకు దారి చూపిస్తుంది. పేర్లు, అప్పుల వివరాలు సభలో చదవకూడదు, ఎవరి ముందూ పెట్టకూడదు. ఆఖరున, పేట అంతా కలిపి ఏం చెప్పిందో, అందులో ఈ ఏడు ఏది చేయగలమో, ఏది చేయలేమో మళ్లీ వెళ్లి వారికి చెప్పి రావాలి. అడిగి వెళ్లిపోయి మళ్లీ కనబడనివారికి రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

దాతలకు మా మనవి

దానం చేశాక ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దాని పుణ్యాన్ని పోగొట్టుకోవద్దని మన ధర్మం హెచ్చరిస్తుంది. అవసరం లేనిది చేతిలో పెట్టి, ఫొటోకు నిలబెట్టడం కూడా నొప్పించడమేనని మాకు ఆ మిషను మీది దుప్పట్లు నేర్పాయి. ఈ ఏడు మీరు విరాళం రాసేటప్పుడు, “ముందు అడిగి, వారు చెప్పినదానికి వాడండి” అని ఒక్క మాట రసీదు పుస్తకంలో రాయించండి. తిరిగి అడిగే పనికి సెలవు రోజుల్లో ఉపాధ్యాయులం మేము వస్తాం. మీ ఇళ్లలోని చదువుకున్న అమ్మాయిలను రెండు ఆదివారాలు మాతో పంపండి. మరో పిల్లకు ఒక ఏడాది పోకముందే ఆ గడప దగ్గరికి చేరుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.