రాత్రిపూట పాప ఫొటోలు అలికినట్టు వస్తున్నాయి!

ప్రశ్న: ఈమధ్యే 18-55 లెన్సుతో డిజిటల్ కెమెరా కొన్నాను. పగలు ఫొటోలు బాగానే వస్తున్నాయి. రాత్రి ఇంట్లో మా పాప ఆడుకుంటుంటే తీసినవన్నీ అలికినట్టు ఉంటున్నాయి. కెమెరాలో ఏమైనా లోపమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోపమేమీ లేదండీ, షాపువాడితో గొడవ పెట్టుకోకండి. మన కంటికి ట్యూబ్‌లైటు వెలుగు చాలు గానీ కెమెరాకు చాలదు. ఆటోలో ఉంచితే ఆ లోటు పూడ్చుకోవడానికి అది షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 15వ వంతు తెరిచినా చాలు, ఆలోగా పాప చెయ్యి కదిలిపోతుంది. లెన్సు మీద వణుకు తగ్గించే మీట ఉంటే అది మీ చేతి వణుకును ఆపుతుంది, పాప పరుగును కాదు.

డయల్‌ను నికాన్, సోనీ అయితే 'ఎస్' మీదికి, కెనాన్ అయితే 'టీవీ' మీదికి తిప్పండి. వేగం 1/250 పెట్టి, ఐఎస్ఓను ఆటోకి వదిలేయండి. అది 3200కో 6400కో ఎక్కి ఫొటో కాస్త గరుకుగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. గరుకు ఫొటోలో పాప నవ్వు తెలుస్తుంది, అలికిన ఫొటోలో ఏమీ తెలియదు.

జూమ్‌ను 55 దాకా లాగకుండా 18 దగ్గరే ఉంచి మీరే దగ్గరికి జరగండి. ఈ రకం లెన్సుల్లో చాలావాటికి 55 దగ్గర లోపలికొచ్చే వెలుగు సగానికన్నా తగ్గిపోతుంది.

కొన్ని దీపాల కింద ఫొటోలో అడ్డచారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవి సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అప్పుడు 1/100కి దిగి, పాప బొమ్మతో కూర్చున్నప్పుడు తీయండి.