వాగులలో మత్స్యాన్వేషణము

సముద్రపు చేప జాలరి పడవలో తీరమునకు వచ్చును. వాగులోని చేపకొఱకు మనమే పోవలెను. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 18వ శతాబ్దము చివర, ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున నుండి, అచటి మత్స్యములను పరిశీలించెను. వానికి బొమ్మలు గీయించి, స్థానికులు పలుకు పేర్లను వ్రాసికొని, 200 మత్స్యములను వర్ణించెను. ఆ గ్రంథము 1803లో లండను నగరమున వెలువడెను. రేవున కూర్చుండి సముద్రపు చేపలను చూచుట సాధ్యమే గాని, మెట్టనాట వాగులను పరిశీలించువానికి అట్టి సౌకర్యము లేదు.

కృష్ణా మండలపు మెట్టప్రాంతములైన నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. వరంగల్లు ప్రాంతమున పుట్టిన మున్నేరు, ఖమ్మము మీదుగా వచ్చి, నందిగామ చేరువను సాగి కృష్ణలో కలియును. వైరా యేరు మున్నేటిలో చేరును. జగ్గయ్యపేట వైపున పాలేరు కృష్ణను కలియును. వీనిలోనికి దిగు పిల్లవాగులు పెక్కులు. పెద్ద నదులకు రేవులును వంతెనలును కలవు. పిల్లవాగునకు తరచుగా బాటయే యుండదు. ఐనను ఏ ప్రాంతమున ఏ చేపలు గలవో తెలియుటకు పెద్ద నదిని మాత్రము చూచిన చాలదు. పెక్కు చిన్నచేపలు లోతులేని నీటిలో, గులకరాళ్ళ నడుమ, నీటిమొక్కల నీడను బ్రతుకును.

మొదటి కష్టము కాలమువలన కలుగును. వానకాలమున ఈ ప్రాంతపు నల్లరేగడి నేల జిగురువలె పట్టుకొనును. డొంకదారిలో బండిచక్రములు దిగబడును. ఎగువను కురిసిన వానకు, దిగువను ఆకాశము నిర్మలముగా నున్నను, వాగు పొంగవచ్చును. 2023 జూలైలో మున్నేటి వఱద నందిగామ దగ్గఱి ఐతవరము కడ జాతీయ రహదారినే ముంచి, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలను నిలిపివేసెను. రహదారికే అట్టి గతి పట్టినప్పుడు పొలముగట్లను గూర్చి చెప్పవలెనా?

వేసవిలో దారి యెండును; దానితోపాటు వాగును ఎండును. మిగిలిన మడుగులలో కొర్రమీను, ఇంగిలాయి వంటివి కనబడును. ఇవి నీటిపైకి వచ్చి గాలిని పీల్చి బ్రతుకగలవు. తక్కినవి కనబడనంత మాత్రమున ఆ వాగులో లేవనరాదు. కావున ఒకే వాగును వానల తరువాతను, చలికాలమునను, వేసవియందును చూడవలెను. ఒక్కసారి చేరుటయే కష్టమైన చోటికి ముమ్మాఱు పోవలెనన్నమాట. పోలంపల్లి యొద్ద మున్నేటికి ఆనకట్ట కలదు. అట్టి కట్టడము చేపల రాకపోకలకు అడ్డు కావచ్చును గనుక, ఎగువను దిగువను వేఱువేఱుగ వల వేయవలెను.

ఇట్టిచోట పటముకంటె ఊరి జాలరి మాట మేలు. ఏ మడుగున ఊబి కలదో, ఏ రాతిక్రింద బొమ్మిడాయి దాగునో అతనికి తెలియును. పరిశోధకుడు అతనిని వెంటబెట్టుకొని, వలలను, సీసాలను, చేప చెడకుండుటకై ఫార్మలిన్‌ను మోసికొని, ప్రొద్దుననే బయలుదేరును. నీరు బురదరంగు దాల్చి, పుల్లలును ఆకులును కొట్టుకొని వచ్చుచున్నచో, వల విడిచియైనను వెంటనే గట్టెక్కవలెను. ఏ చేపయు మనుష్యప్రాణముకంటె విలువైనది కాదు.

చేప దొరకినంతనే పని ముగియదు. ఊరు, వాగు, తేది, నీటిలోతు, అడుగున నున్నది ఇసుకయా రాయియా, స్థానికులు పిలుచు పేరేమి - ఇవన్నియు అక్కడనే చీటిపై వ్రాసి సీసాలో నుంచవలెను. ఎన్ని క్రోసులు నడిచి తెచ్చినను, చీటి లేని చేప శాస్త్రమునకు అంతగా అక్కఱకు రాదు.

అన్నింటికంటె కఠినమైన పరీక్ష పుస్తకములో వ్రాయునప్పుడు ఎదురగును. వాగును చేరలేక తిరిగివచ్చినవాడు 'చేరలేదు' అని వ్రాయవలెను. 'చేపలు లేవు' అని వ్రాయరాదు. 'లేవు' అని వ్రాసిన వాగువైపు ఇక నెవ్వరును పోరు. అందలి చిన్నచేప ఇసుక త్రవ్వకమువలననో, మురికినీటివలననో నశించినను, అది యొకప్పుడుండెనని చెప్పువారుండరు. 'చేరలేదు' అన్న మాటయో, మఱియొకనిని అచటికి పంపును. నడచినంతమేరకే వ్రాసినవాని పుస్తకము తరువాతివానికి నమ్మదగిన బాట యగును.